గౌస్ బాషా నడుం నొప్పి

పర్చూరులో పరుపులు కుట్టే గౌస్ బాషాకు నడుం నొప్పి మంగళవారం పొద్దున వచ్చింది. రావాలని ఆయన నిర్ణయించుకున్నది మాత్రం సోమవారం సాయంత్రం.

ఆ సోమవారం ఏం జరిగిందంటే, ఆయన ఒక్కగానొక్క కూతురు నజ్మీన్ ఒక కాగితం తెచ్చి నాన్న ముందు పెట్టింది. ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసైన పిల్ల. ఫిజియోథెరపీ డిగ్రీ చదువుతానని ఏడాదిగా అంటోంది. ఏ కాలేజీ ముందు కావాలో, ఏది తర్వాతో శుక్రవారం సాయంత్రం అయిదులోగా కంప్యూటర్లో వరసగా పెట్టాలి. ఆ వరసే కాగితం మీద ఉంది.

మొదటిది విశాఖపట్నం. రెండోది తిరుపతి. మూడోది గుంటూరు. అట్టడుగున, గుంటూరు వెళ్లే దారిలో ఉన్న ఒక చిన్న కాలేజీ. పొద్దున బస్సెక్కితే దీపాలవేళకి ఇంట్లో ఉండొచ్చు.

గౌస్ బాషా కాగితాన్ని తిరగేసి చూశాడు. "తలకిందులుగా పట్టుకున్నానేమో అనుకున్నా. ఈ అడుగుది పైన ఉండాలి కదమ్మా?"

"ఎందుకుండాలి?" వంటింట్లోంచి కరీమున్ అడిగింది. ఆయన ఏ ప్రశ్న ఎవర్ని అడిగినా జవాబు వంటింట్లోంచే వస్తుంది.

"దగ్గర కదే."

"దగ్గరే కావాలంటే పక్కింట్లో కుట్టుమిషను నేర్పుతున్నారు. గోడ దూకితే చాలు."

"అక్కడ తిండి ఎట్లా? మన కారం తిని పెరిగిన పిల్ల. ఆ ఊళ్లో కూరల్లో బెల్లం వేస్తారంట."

"పచ్చడి జాడీ ఇచ్చి పంపుతా."

"తుపాన్లు వస్తాయి."

"పోయినేడు నీ దూదంతా తడిసి ముద్దయింది ఏ ఊళ్లోనయ్యా? విశాఖపట్నంలోనా?"

గౌస్ బాషా కాగితాన్ని మళ్లీ తిరగేశాడు. కరీమున్ చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"బెంగగా ఉందని చెప్పొచ్చు కదా."

"బెంగా? నాకా?" అని ఆయన టీ గ్లాసు ఎత్తి గుక్క తిప్పుకోకుండా తాగాడు. అందులో టీ అయిపోయి పావుగంటయింది.

ఉన్నది బెంగే. ఆయనకు నలభై ఎనిమిదో ఏట దగ్గరి చూపు తగ్గింది. అప్పట్నుంచి నజ్మీన్ రోజూ కాలేజీకి వెళ్లేముందు ఇరవై సూదుల్లో దారం ఎక్కించి, గోడకు వేలాడే మెత్తకు వరసగా గుచ్చి పోతుంది. దిండ్లు కుడుతూ ఆయన ఒక్కో సూదీ తీసుకుంటాడు. ఇరవయ్యో సూది అయ్యేసరికి పిల్ల ఇంటికొచ్చే వేళవుతుంది. ఆయన గోడ గడియారం చూసి చాలాకాలమైంది. నాలుగున్నరేళ్ల చదువంటే ఎన్ని సూదులో లెక్క కట్టబోయి, రెండో నెలలోనే ఆపేశాడు.

ఇదంతా పెళ్లాంతో చెప్పుకోవచ్చు. కానీ చెప్పుకుంటే గౌస్ బాషా ఎందుకవుతాడు? స్నేహితుడు చలమయ్య దగ్గరికి వెళ్లాడు.

చలమయ్య ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. రాష్ట్రంలో ఆయన చూడని ఊరు లేదు, బస్టాండు దాటి చూసిన ఊరూ లేదు. ఊళ్లో అందరూ బస్టాండు చలమయ్య అంటారు.

"విశాఖపట్నమా?" అని చలమయ్య పెదవి విరిచాడు. "అక్కడ బస్టాండుని బస్టాండు అనర్రా బాషా. కాంప్లెక్స్ అంటారు. బస్టాండుకే పేరు మార్చిన ఊళ్లో పిల్లను చేరుస్తావా?"

"నేను చేర్చడమేంటన్నా, అదే చేరతానంటోంది. ఎట్లా ఆపాలో చెప్పు."

"వద్దంటే ఆగరు. జాలికి ఆగుతారు. నేను సర్వీసులో ఉన్నన్నాళ్లూ సెలవు కావాలంటే నడుం నొప్పి అనేవాణ్ణి. థర్మామీటరుకు దొరకదు, ఎక్స్‌రేలో కనపడదు. నిజాయితీ గల నొప్పి అది."

ఫిజియోథెరపీ చదవబోయే పిల్ల ముందు నడుం నొప్పి నటించడమంటే పోలీసోడింట్లో దొంగతనానికి దిగడమే. ఆ సంగతి ఆ పూట ఇద్దరికీ తట్టలేదు.

మంగళవారం పొద్దున గౌస్ బాషా మంచం దిగబోతూ "అమ్మా!" అన్నాడు. వంటింట్లోంచి జవాబు రాలేదు. ఇంకాస్త గట్టిగా "అమ్మో!" అన్నాడు. ఆయన తల్లి సైదాబీ పక్కగదిలోంచి "ఏరా గౌసూ, నన్నేనా?" అంది.

నజ్మీన్ పరుగెత్తుకొచ్చి మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"ఎక్కడ నాన్నా?"

"నడుం."

"నడుంలో ఎక్కడ?"

"మొత్తం నడుమే."

"నొప్పి కాలికి పాకుతోందా?"

ఏది పెద్ద జబ్బో తెలియలేదు ఆయనకు. తక్కువెందుకని "పాకుతోంది" అన్నాడు.

"ఏ కాలికి?"

"ఒకరోజు ఇది, ఒకరోజు అది."

"ఇవాళే కదా వచ్చింది?"

"అదే, రేపటి సంగతి చెబుతున్నా."

నజ్మీన్ ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టి కాలు మెల్లగా పైకి లేపింది. జానెడు లేచేసరికి ఆయన పెట్టిన కేకకు పక్కింటి కోళ్లు గోడెక్కాయి. "సరే నాన్నా, లేచి కుర్చీలో కూర్చో. పాదం వాచిందేమో చూస్తా, కాలు చాపు" అంది. ఆయన కూర్చుని కాలు చాపాడు. పాదం వాచలేదు. నజ్మీన్ ఒక్క క్షణం నాన్న మొహంలోకి చూసి, పెదవి కొరుక్కుంటూ లోపలికి పోయింది.

పిల్లకు ఏడుపొచ్చిందనుకున్నాడు గౌస్ బాషా. కొంచెం సిగ్గేసింది. కొంచెం ధైర్యమూ వచ్చింది.

తర్వాత కరీమున్ వచ్చింది. "నడుం నొప్పికి మెత్తటి పరుపు పనికిరాదు. మూడు రోజులు కటిక నేల" అని చాప పరిచింది. ఎక్కడ? ముందు గదిలో. ఆ ఇంట్లో ముందు గదే దుకాణం. గోడల వెంట నడుమెత్తున పేర్చిన పరుపులు. వాటి మధ్య గచ్చు మీద, ఆ పరుపులన్నీ కుట్టిన మనిషి.

పదకొండింటికి ఇంకొల్లు నుంచి పేరమ్మ వచ్చింది. కొత్తింటికి రెండు పరుపులు చేయించుకుంది. పట్టుకుపోదామని ఆటో కూడా తెచ్చుకుంది.

"ఏమయ్యా బాషా, కింద పడుకున్నావే?"

"నడుం నొప్పండీ."

"చుట్టూ ఇన్ని పరుపులుండగా కింద ఎందుకు?"

"పరుపు మీద పడుకుంటే ఎక్కువవుద్దండీ," అంది కరీమున్, మంచినీళ్లు అందిస్తూ.

పేరమ్మ తన పరుపుల్ని చూసింది. నేల మీది మనిషిని చూసింది. మళ్లీ పరుపుల్ని చూసింది. "ముందు నువ్వు లే నాయనా. లేచాక చూద్దాం" అని ఖాళీ ఆటోలో వెళ్లిపోయింది.

సాయంత్రం చలమయ్య పరామర్శకు వచ్చాడు. "ఊళ్లో అంతా ఒకటే మాటరా బాషా. నీ పరుపుల మీద పడుకునే నీ నడుం పోయిందంట."

"నువ్వు కాదని చెప్పలేదా అన్నా?"

"నొప్పి అబద్ధమని చెప్పలేను కదా. అందుకని, అంతే అయ్యుంటుందన్నా."

బుధవారం నుంచి కసరత్తులు మొదలయ్యాయి. పొద్దునోసారి, సాయంత్రమోసారి. వెల్లకిలా పడుకుని నడుం లేపాలి. బోర్లా పడుకుని తల లేపాలి. పిల్లిలాగా వీపు వంచాలి. పక్కన మంచం మీద సైదాబీ కూర్చుని లెక్కపెట్టేది. ఆవిడకు ఏడు దాకానే అంకెలు నమ్మకం. ఏడయ్యాక మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేది.

"అమ్మా, అయిపోయిందే!"

"నాకు తుంటి విరిగినప్పుడు మనవరాలు నన్ను వదిలిందా? లేపరా నడుం. యాభై ఏళ్లు దగ్గరపడ్డాక వీడి ఒళ్లు వంచే మనిషి దొరికింది. అల్లా దయ."

ఆ మాట నిజం. రెండేళ్ల కిందట వాకిట్లో జారిపడి సైదాబీ తుంటి విరిగింది. ఆపరేషనయ్యాక చీరాల నుంచి ఒక ఫిజియోథెరపీ డాక్టరమ్మ వారానికి రెండుసార్లు వచ్చేది. మిగతా అయిదు రోజులూ ఆ కసరత్తులన్నీ నజ్మీనే చేయించేది. వెళ్లేటప్పుడు ఆ డాక్టరమ్మే చెప్పింది, "నీకు చెయ్యి ఉందమ్మా. చదివితే పెద్దాసుపత్రి ఉన్నచోట చదువు. ఎన్ని రకాల రోగుల్ని చూస్తే చెయ్యి అంత నేర్చుకుంటుంది" అని. కాగితం మీద విశాఖపట్నం పైకెక్కింది అందుకే.

గురువారం మధ్యాహ్నం ఇంట్లో అందరూ కునుకు తీస్తుండగా నజ్మీన్ నూనె గిన్నె తెచ్చి నాన్న పక్కన కూర్చుంది.

"బోర్లా తిరుగు."

ఆ పిల్ల వేళ్లు వెన్నుపూసల పక్కన ఒక్కో చోటే ఆగుతూ దిగాయి. ముప్పై ఏళ్లు దూది మూటలు మోసిన వీపు అది. ఇన్నాళ్లూ దాన్ని ఎట్లా ఉన్నావని అడిగినవాళ్లు లేరు. వేళ్లు ఒకచోట ఆగి అక్కడే నిలిచాయి. అక్కడ, గౌస్ బాషాకే తెలియకుండా, ఒక పాత నొప్పి నిజంగానే ఉంది. అది మెల్లగా కరిగిపోతుంటే ఆయనకు కళ్లు మూతలు పడ్డాయి. తన నొప్పి మొత్తం నిజమైతే ఎంత బాగుండు అనిపించింది. రోజూ ఉండే నొప్పయితే.

"నాన్నా," అంది నజ్మీన్. "నేను లేకపోతే ఇది ఎవరు చేస్తారు?"

ఆయన నిద్రపోయినట్టు నటించాడు. ఆ వారంలో నటన అలవాటైపోయింది.

శుక్రవారం నాలుగున్నరకి గౌస్ బాషాకు భయం పట్టుకుంది. పిల్ల ఏం పెట్టిందో ఎవరూ చెప్పలేదు. అడిగితే బయటపడతాడు. నెట్ సెంటరు నడిపే ఆరాధన తెలిసిన పిల్లే. వెళ్లి, మెల్లగా మాటల్లో పెట్టి, దగ్గరి కాలేజీని పైకి జరిపిస్తే సరి.

"మందుల షాపుకి వెళ్లొస్తా," అన్నాడు.

"నేను తేనా?" అంది కరీమున్.

"నడవమంది కదా పిల్ల."

నడుం మీద చెయ్యేసుకుని మూలుగుతూ వీధి మలుపు దాకా వెళ్లాడు. మలుపు తిరగ్గానే చెయ్యి తీసేశాడు.

ఆరాధన ఆయన్ని చూసి ఆశ్చర్యపోలేదు. కుర్చీ జరిపింది. "రా బాబాయ్. నజ్మీన్ ఆప్షన్లే కదా? నిన్న వచ్చి పెట్టిపోయింది. ఇంకా ఖరారు చెయ్యలేదు."

"ఏం పెట్టిందో ఒకసారి చదువమ్మా. కళ్లజోడు తేలేదు."

ఆరాధన చదివింది. మొదటిది, గుంటూరు దారిలో కాలేజీ. రెండోది, గుంటూరు. అంతే.

"విశాఖపట్నం?"

"లేదు బాబాయ్. తీసేసింది. మా నాన్న ఒంట్లో బాగోలేదక్కా, రోజూ ఇంటికి రావాలి అంది."

కావాల్సింది ఇదే. దీనికోసమే మూడు రోజులు గచ్చు మీద దొర్లాడు. పిల్లిలాగా వీపు వంచాడు. ఇక లేచి ఇంటికెళ్లి, రెండు రోజులు మూలిగి, మూడోరోజు తగ్గిందంటే చాలు.

ఆయన లేవలేదు.

తల్లి మొదటిసారి మంచం దగ్గర్నుంచి వాకిట్లో కుళాయి దాకా నడిచిన రోజు గుర్తొచ్చింది. నజ్మీన్ ఆవిడకు ఎదురుగా, రెండు చేతులూ చాపి, ముట్టుకోకుండా వెనక్కి వెనక్కి నడిచింది. ముసలావిడ కుళాయి పట్టుకుని నిలబడి నవ్వింది. ఆ నవ్వు ఆయన చూశాడు గానీ, చూస్తూ ఉండిపోయింది మాత్రం పిల్ల మొహం. దిండు కుడుతున్న చెయ్యి అప్పుడు ఆగిపోయింది. పుట్టినప్పట్నుంచి ఎరిగిన పిల్లే. అంత వెలుగు మాత్రం ఎప్పుడూ చూడలేదు.

"మార్చమ్మా," అన్నాడు.

"ఏది బాబాయ్?"

"విశాఖపట్నం పైన పెట్టు." ఆ మూడు మాటలూ ఒక్కొక్కటిగా వచ్చాయి. "తర్వాత తిరుపతి. ఆ దారిలోది అడుగున పెట్టు."

ఆరాధన టకటకా కొట్టింది. "నీ ఫోనుకి ఓటీపీ వచ్చుద్ది, చెప్పు. అయిదింటికి మూసేస్తారు."

గౌస్ బాషా జేబు తడిమాడు. రెండో జేబు తడిమాడు. ఫోను ఇంట్లో ఉంది, చాప పక్కన, చార్జింగులో.

గోడ మీద టైము అయిదుకి పది నిమిషాలు తక్కువ.

ఆ తర్వాత పర్చూరు బజారు చూసింది ఏమిటంటే, మూడు రోజులుగా నడుం పడిపోయిందన్న పరుపుల బాషా లుంగీ పైకెగ్గట్టి గాలి కన్నా ముందు పోతున్నాడు. మిరప బస్తాల బండి అడ్డమొస్తే పక్కకు తప్పుకోలేదు, మురుక్కాలవ మీంచి దూకాడు. టీ కొట్టు దగ్గర చలమయ్య లేచి నిలబడి అరిచాడు.

"ఒరేయ్ బాషా! నడుం! నడుంరా!"

గుర్తొచ్చి గౌస్ బాషా నడుం మీద చెయ్యి వేసుకున్నాడు. పరుగు మాత్రం తగ్గించలేదు.

ఇంటి మెట్ల మీద కరీమున్ కూర్చుని ఉంది. ఒక చేతిలో ఆయన ఫోను. ఇంకో చేతిలో నజ్మీన్ ఫోను, చెవి దగ్గర.

"ఆ, రాసుకోమ్మా ఆరాధనా. నాలుగు... ఏడు... ఏడు... రెండు... సున్నా... తొమ్మిది. అయిందా? ఖరారైందా? సరేనమ్మా."

ఫోను పెట్టేసి మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"ఇప్పుడెట్లా ఉందయ్యా నడుం?"

గౌస్ బాషా రొప్పుతున్నాడు. "కాస్త... తగ్గింది."

"మురుక్కాలవ దూకితే తగ్గిద్దని నీ కూతురుక్కూడా తెలియదు పాపం."

"నీకెట్లా తెలుసే నేను అక్కడికి వెళ్తానని?"

"మందుల షాపు ఎడమ పక్కన ఉంటే నువ్వు కుడి పక్కకు మూలిగావు." కరీమున్ పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చింది. "నిన్న నజ్మీన్ వచ్చి, ఆప్షను మార్చేశానమ్మా అంది. తిట్టా. వినలేదు. నేను మార్చమంటే మార్చదు. నువ్వు మారిస్తేనే మారుద్ది. అందుకే ఇందాక నువ్వటు తిరగ్గానే ఆరాధనకు ఫోన్ చేసి, ఖరారు చెయ్యకు, మీ బాబాయ్ వస్తాడు, ఉన్నదున్నట్టు చదివి వినిపించు అన్నా."

"ఒకవేళ నేను మార్చకపోతే?"

కరీమున్ రెండు ఫోన్లూ ఒళ్లో పెట్టుకుంది.

"పదో తరగతి అయ్యాక నాకు ఒంగోల్లో నర్సు ట్రైనింగు సీటొచ్చింది. నీకు చెప్పానో లేదో. అదే వారం మా నాన్నకి గుండె నొప్పొచ్చింది. సీటు వదులుకున్న మర్నాడు తగ్గిపోయింది. ఇప్పుడు ఎనభై దాటాడు, చెరుకు గడ పళ్లతో చీలుస్తాడు." ఆవిడ ఆయన వైపు చూడలేదు. "నువ్వు ఆయనలాంటోడివా కాదా అని ఇరవై ఏళ్లుగా చూస్తున్నా. ఇవాళ తెలిసింది."

ఏమీ అనకపోవడమే ఆ వారంలో గౌస్ బాషా చేసిన తెలివైన పని.

లోపల్నుంచి నజ్మీన్ వచ్చింది. ఆయన తలెత్తలేకపోయాడు.

"నీకెప్పుడు తెలిసింది తల్లీ?"

"మంగళవారమే నాన్నా. పడుకుని జానెడు లేపలేని కాలు, కుర్చీలో కూర్చుని సుబ్బరంగా చాపావు. రెండూ ఒకటే నరం లాగుతాయి."

"అబద్ధమని తెలిసీ ఎందుకే ఆ కాలేజీ పెట్టావు?"

నజ్మీన్ కింది మెట్టు మీద కూర్చుని ఆయన మోకాలికి తల ఆనించింది.

"నొప్పయితే మందుంటుంది నాన్నా. నువ్వు మూడు రోజులు నానమ్మ చేతిలో కసరత్తులు చేశావు. అంత బెంగకి నేనేం మందెయ్యను?"

మర్నాడు ఆ పరుగు సంగతి విని పేరమ్మ ఆటో వేసుకొచ్చి పరుపులు రెండూ పట్టుకుపోయింది. ఇది కూడా నీ పథకమేనా అని చలమయ్య అడిగితే, గౌస్ బాషా అవునన్నాడు.

విశాఖపట్నంలోనే సీటొచ్చింది.

చేర్పించడానికి మొగుడూ పెళ్లాం ఇద్దరూ వెళ్లారు. హాస్టలు గదిలో మంచం, బీరువా, కిటికీ చూశారు. కిటికీలోంచి ఆసుపత్రి కనపడుతోంది. జనం, స్ట్రెచర్లు, చక్రాల కుర్చీలు. నజ్మీన్ అటే చూస్తోంది. మాట్లాడుతూ మాట్లాడుతూ అటే చూస్తోంది. గౌస్ బాషా ఆ చూపు చూసి, ఇక ఉండి లాభం లేదని తెలుసుకున్నాడు. గేటు దాకా వచ్చి పిల్ల చెయ్యి ఊపింది. ఆయన నాలుగుసార్లు వెనక్కి చూశాడు. నాలుగోసారి అక్కడ గేటే ఉంది.

మర్నాడు పొద్దున్నే చీరాలకు రైలెక్కారు. అనకాపల్లి దాటకముందే ఆయన ఫోను తీశాడు.

"పెట్టెయ్," అంది కరీమున్. "ఆదివారం దాకా ఫోన్ చెయ్యకూడదు. పిల్ల కుదురుకోవాలి."

"ఇవాళ మంగళవారమే."

"అయితే?"

"తిన్నదో లేదో అడుగుతా, అంతే."

"మనిషివి గట్టిగా ఉండాలయ్యా. నన్ను చూడు, ఉన్నానా లేదా?"

నిజమే. ఆవిడ కంట్లో చెమ్మ లేదు. హాస్టల్లోనూ లేదు, గేటు దగ్గరా లేదు. గౌస్ బాషా సిగ్గుపడి ఫోను జేబులో పెట్టుకున్నాడు. కిటికీలోంచి పొలాలు పోతున్నాయి. తన ఊరి మిరప చేలు కావు, వరి పొలాలు. ఒక్కో స్టేషనూ పిల్లకి ఎంత దూరమో లెక్కేసుకుంటూ తుని దాకా ఓపిక పట్టాడు.

తునిలో కరీమున్ మొహం కడుక్కొస్తానని లేచింది. పది నిమిషాలైంది. పావుగంటైంది. రైలు కదిలి ఎంతోసేపయింది. కంగారుపడి ఆయన లేచి వెళ్లాడు.

వాష్‌బేసిన్ పక్కన, తలుపు దగ్గర, ఆవిడ అటు తిరిగి నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫోను చెవి దగ్గర.

"...తిన్నావా తల్లీ? ఏం పెట్టారు? నేనా? నాకేం, నేను బాగానే ఉన్నా. మీ నాన్నే... పొద్దున్నుంచి ఒకటే ఏడుపు. ఊరుకోబెట్టలేక చస్తున్నాననుకో..."

ఆ మాట అంటూ అంటూ ఆవిడ భుజాలు కదిలిపోయాయి. గొంతు ఆగిపోయింది. అవతల్నుంచి "అమ్మా? అమ్మా?" అని చిన్నగా వినపడుతోంది.

గౌస్ బాషా మెల్లగా ఆవిడ చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. ఇంకో చెయ్యి ఆవిడ భుజం మీద వేశాడు.

"అవునమ్మా," అన్నాడు. "నేనే ఏడుస్తున్నా. మీ అమ్మ ఊరుకోబెడుతోంది."